పేలికల సాలెగూడు

నలుపు మొదట కంట పడదు. ముందు నారింజ లాక్కుంటుంది. అదీ ఒక్క నారింజ కాదు. పండిన గుమ్మడి తొక్క నారింజ, తుప్పు పట్టిన రేకు నారింజ, ఎర్రబారబోయి ఆఖరి క్షణంలో మానుకున్న నారింజ, ఏళ్ల తరబడి ఉతుకుల్లో వెలిసిపోయిన నారింజ. ఆ తర్వాత ఊదా వస్తుంది. దాని పక్కనే పచ్చి నిమ్మకాయ రంగు, చూడగానే పళ్లు పులిసేంత ఘాటుగా. వాటి సందుల్లోంచి సగం గబ్బిలం రెక్క, ఒంటి పిల్లిచెవి, నవ్వుతున్న పుర్రెలో మిగిలిన మూడు పళ్లు. కన్ను వీటన్నిటి మీదా తిరిగి అలిసి, ఒకడుగు వెనక్కి వేశాక గాని తెలియదు, ఇంతసేపూ వీటిని చెదిరిపోకుండా పట్టుకున్నది నలుపని. నడిమధ్య నుంచి ఎనిమిది దిక్కులకు ఎనిమిది సన్నటి నల్ల పట్టీలు. వాటిని అడ్డంగా కలుపుతూ రెండు బూడిదరంగు వలయాలు. అంతే, పేలికల పోగు కాస్తా సాలెగూడైపోయింది.

ఒహాయోలో ఒక వంటింటి బల్ల మీద అక్టోబరు నెలంతా ఉండే టేబుల్ టాపర్ ఇది. బల్లను మొత్తం కప్పే గుడ్డ కాదు, బల్ల నడుమ మాత్రమే కూర్చునే అష్టభుజి. ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండడుగులు. పైన పేలికల పొర, మధ్యన పల్చటి దూది పొర, కింద అడుగు గుడ్డ, మూడూ కలిపి కుట్టిన బుల్లి బొంత. కుట్టినావిడ నా స్నేహితురాలు, రిటైరైన స్కూలు టీచరు. హాలోవీన్ కోసం మిగిలిన గుడ్డలతో చేసిన పని అని తేలిగ్గా తీసిపారేస్తుంది. మిగిలిన గుడ్డలన్నది నిజమే. పిల్లలు చిన్నప్పుడు వేసిన మంత్రగత్తె వేషంలో మిగిలిన నల్ల గుడ్డ, మనవడి పులివేషం చారలు, ఎప్పుడో కుట్టిన దిండుగలేబుల కత్తిరింపులు, కొట్టులో ముచ్చటపడి పావుగజం కొనేసి ఏం చేయాలో తోచక దాచిన అచ్చుగుడ్డలు. తేలిగ్గా తీసిపారేయడమే నాకు కుదరడం లేదు.

ఇది ఎలా తయారవుతుందో తెలిస్తే అందం తగ్గుతుందేమో అనుకున్నాను. పెరిగింది. పల్చటి కాగితం మీద ముందు ఒక త్రికోణం గీస్తారు. కొన దగ్గర కోణం 45 డిగ్రీలు, ఎత్తు 12 అంగుళాలు, అడుగు పదికి రవ్వంత తక్కువ. ఇలాంటివి ఎనిమిది కలిస్తే 360 డిగ్రీలూ నిండుతాయి. ఆ కాగితం మీద ఒక పేలిక పరిచి, దాని మీద ఇంకో పేలికను బోర్లా పెట్టి, అంచు నుంచి పావు అంగుళం లోపలికి మిషను మీద ఒక కుట్టు వేస్తారు. పైదాన్ని తిప్పి ఇస్త్రీ చేస్తారు. దాని అంచున మరొకటి. ఇలా కొన నుంచి అడుగు దాకా అడ్డపట్టీలతో కాగితం నిండిపోతుంది. మిషను టాకాను మిల్లీమీటరున్నరకు కుదించడం ఇందులో కిటుకు. బెజ్జాలు దగ్గరదగ్గరగా పడి, పని అయ్యాక కాగితం తపాలా బిళ్ల చించినంత సుళువుగా ఊడి వస్తుంది. గుడ్డ ఎంత వంకరదైనా, ఎటు సాగేదైనా, కాగితం ఉన్నంతసేపూ కదలదు. తర్వాత ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది.

ఈ పద్ధతి పేదరికంలోంచి వచ్చింది. 1930ల ఆర్థికమాంద్యం రోజుల్లో అమెరికా పల్లెల్లో ఆడవాళ్లు పాత వార్తాపత్రికల మీద ఇలాగే పీలికలు కుట్టేవారు. దాణా బస్తాల గుడ్డను కూడా వదిలేవారు కాదు. వేలెడు వెడల్పున్న పీలిక దేనికీ పనికిరాదు, పక్కన ఇంకో పీలిక చేరితే తప్ప. సాలెగూడు అచ్చు అప్పటి నుంచీ వాళ్ల బొంతల్లో ఉన్నదే. అందులో దయ్యాల ప్రసక్తి లేదు. లేత గులాబీ, లేత నీలం పువ్వుల గుడ్డలతో కుట్టిన సాలెగూళ్లు ఆ తరానివి ఎన్నో ఉన్నాయి, పెరటి తోటల్లా ముద్దుగా ఉంటాయి. అదే అచ్చును తీసుకుని, అవే కోణాలు ఉంచి, రంగులు మాత్రం రాత్రివి వేస్తే ఏమవుతుందో ఈ బల్ల మీద చూశాను.

ఇప్పుడు ఆ వలయాల సంగతి. ఎనిమిది ముక్కలూ ఎనిమిది రకాల పేలికలతో, ఏ పట్టీ వెడల్పూ పక్కముక్కలోని పట్టీతో పొసగకుండా కుట్టేస్తే, కలిపాక గూడు కనబడదు. చెల్లాచెదురు మాత్రమే కనబడుతుంది. పోనీ అన్నిటికీ ఒకే వరసలో ఒకే గుడ్డలు వాడితే గూడు తిరుగులేకుండా కనబడుతుంది గాని, అది అచ్చు పోసిన ప్లాస్టిక్ చాపలా ఉంటుంది. ఈవిడ మధ్యదారి పట్టింది. ప్రతి ముక్కలోనూ కొన నుంచి ఒకే దూరంలో రెండుచోట్ల మాత్రం బూడిదరంగు పట్టీ వేసింది. మిగిలిన చోటంతా పేలికల ఇష్టం. కన్నుకు ఆ రెండు వలయాలు చాలు, తక్కినదంతా తనే అల్లుకుంటుంది. అందులోనూ ఒకచోట బూడిద పట్టీలు రెండూ సరిగ్గా కలవలేదు. రెండు దారప్పోగులంత ఎడం ఉంది. దాన్ని విప్పి మళ్లీ కుట్టనందుకు ఆవిడకు దణ్ణం పెట్టాలి. ఆ చిన్న మెట్టు దగ్గర గూడు గాలికి ఊగినట్టుంటుంది.

నల్ల పట్టీలు చివర్న వస్తాయి. అడ్డపట్టీలన్నీ అయ్యాక ప్రతి త్రికోణానికీ ఒక పొడుగు పక్కన అర అంగుళం నల్ల పట్టీ కుడతారు. నిజమైన సాలెపురుగు దీనికి తలకిందులుగా పనిచేస్తుంది. ముందు చక్రం ఆకుల్లాంటి దారాలు నడుమ నుంచి బయటికి లాగి, ఆ తర్వాతే వాటి మీద చుట్లు తిప్పుతుంది. బయటికి పోయే దారాలకు జిగట ఉండదు, చుట్టుదారానికే ఉంటుంది. పురుగు వేటకు అల్లుతుంది కాబట్టి దాని వరస దానిది. మనిషి చూపు కోసం అల్లుతుంది కాబట్టి ముందు చిందరవందరంతా పోగేసుకుని, తర్వాత దానికి ఆకులు వేస్తుంది. ఎనిమిది నల్ల పట్టీలూ కొన దగ్గర కలిసినప్పుడు ఒక చమత్కారం జరుగుతుంది. పట్టీకి వెడల్పుంది కదా, త్రికోణం కొసను అది పూర్తిగా మింగేస్తుంది. ఎనిమిది కొసలూ అలా మింగుడుపడి నడుమ రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద నల్లటి సుడి ఏర్పడుతుంది. రంగు గుడ్డ ఒక్కటీ అక్కడికి చేరదు. సాలెపురుగు బొమ్మ కుట్టలేదావిడ, ఆ సుడినే వదిలేసింది. ఇంతకన్నా మంచి సాలెపురుగును సూదితో ఎవరూ కుట్టలేరు.

రంగుల గురించి క్విల్టులు కుట్టేవాళ్లు చెప్పే మొదటి పాఠం, రంగును నమ్మొద్దనే. నారింజ ఎంత అరిచినా నడిమి వెలుతురుదే. నిమ్మపచ్చ తెలుపుకు దగ్గర. ఊదా చీకటి. కళ్లు సగం మూసి చూస్తే, లేదా ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే, రంగు వేషం తీసేసి వెలుగునీడలు బయటపడతాయి. ఈ టాపరులో ముదురు ఊదా పట్టీని నల్లపట్టీ పక్కన పడనివ్వకుండా ఆవిడ చాలాచోట్ల జాగ్రత్తపడింది, ఒకచోట తప్ప. అక్కడ ఊదా గుడ్డ మీద నల్లగబ్బిలాలు అచ్చువేసి ఉన్నాయి. ఆ గుడ్డ, దాని గబ్బిలాలు, పక్కనున్న నల్లపట్టీ కలగలిసిపోయి గూటికి అక్కడ చిల్లు పడినట్టుంటుంది. పగటి వెలుతురులో తెలియదు. సాయంత్రం దీపం కింద, నారింజలు వెచ్చబడ్డాక, ఆ చిల్లు కనిపిస్తుంది. నేను మళ్లీ మళ్లీ చూసింది ఆ చోటునే.

భరతుడు నాట్యశాస్త్రంలో భయానక రసానికి నలుపు రంగు ఇచ్చాడు, అధిదేవతగా కాలుణ్ణి పెట్టాడు. అద్భుతానికి పసుపు, దేవత బ్రహ్మ. హాస్యానికి తెలుపు. మరి దాని దేవత? ప్రమథులు. శివుడి వెంట గంతులు వేస్తూ తిరిగే భూతగణం. నవ్వుకు అధిపతులుగా ఏ గంధర్వులనో పెట్టకుండా, వంకర కాళ్లు బానపొట్టల భూతాలను పెట్టిన ఆ మహానుభావుడి చూపు నాకు ఈ బల్ల దగ్గర ఒక్కసారిగా వెలిగింది. ఈ గుడ్డ మీద తెలుపెక్కడుంది? పుర్రె పళ్లలో, ఎముకల్లో, ముసుగు దయ్యాల్లో. భయపెట్టాల్సిన వస్తువులన్నీ తెల్లగా, ఇకిలిస్తూ ఉన్నాయి. వెనక నల్లగా కాలుడు, ముందు తెల్లగా ప్రమథులు. ఒహాయో టీచరమ్మకు భరతుడి ఊసు తెలిసే వీలు లేదు. గుడ్డల పెట్టెలోంచి చేతికి అందినవి తీసుకుందంతే. హాస్యం శృంగారం నుంచి పుడుతుందని భరతుడే అన్నాడు. ఇక్కడ మాత్రం అది భయానకం కడుపున పుట్టింది. ఆ ఒక్క విషయంలో ఆయనతో హాలోవీన్ పిల్లలకు పేచీ.

భయం రసం కావాలంటే దానికి హద్దు కావాలి. చీకట్లో నిజంగా ఎవడో వెంటపడితే అక్కడ ఆస్వాదించేదేమీ లేదు. రంగస్థలం అంచు, కథ చెప్పే అమ్మమ్మ ఒడి, బల్ల నడుమ రెండడుగుల అష్టభుజి, వీటిలో ఏదో ఒకటి గీత గీసి ఉంచాలి. పేలికల పనిలోనూ ఇదే నియమం, అందుకే ఈ పండుగా ఈ పనీ ఒకదానికొకటి ఇంతగా నప్పాయి. త్రికోణం 45 డిగ్రీలకు వెంట్రుకవాసి తప్పితే ఎనిమిదో ముక్క దగ్గరికొచ్చేసరికి గుడ్డ గిన్నెలా లేస్తుంది, లేదా అలలు తిరుగుతుంది. బయట పావు అంగుళం కుట్టు ఇంత కచ్చితం. కాబట్టే లోపల పేలిక ఎంత వంకరపోయినా చెల్లుతుంది. ఒక కొస అంగుళం, ఇంకో కొస అంగుళమున్నర ఉన్న పట్టీలు ఇందులో బోలెడు. ఆ ఏటవాలువల్లే గూడు తిరుగుతున్నట్టు ఉంటుంది. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా గుండ్రటి బ్లేడు కత్తిని తెచ్చాక గుడ్డలు తూచినట్టు సమానంగా కోయడం అందరికీ వచ్చేసింది. మంచిదే. కానీ పేలికల పనికి ఆ కత్తి వాడి, పట్టీలన్నీ ఒకే కొలతకు తెచ్చి, ఆ పైన పేలికల పని అని పేరు పెట్టుకోవడం నాకు నచ్చదు. ఈవిడ త్రికోణాల అంచులకు మాత్రం ఆ కత్తి వాడుతుంది, పేలికలకు కత్తెరే.

సాలెగూడు అమెరికా బొంతల్లోకి ఇంకో దారిన కూడా వచ్చింది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలో జపాన్ వస్తువులను చూసి అక్కడి స్త్రీలు ముగ్ధులయ్యారు. సమాన చతురస్రాలు వదిలేసి, పట్టు, మఖమలు ముక్కలను పగిలిన పింగాణీలా ఎటుపడితే అటు అతికి, ప్రతి అతుకు మీదా రంగుదారంతో కుట్టుపని చేయడం 1880లలో పిచ్చిగా పాకింది. వాటినే క్రేజీ క్విల్టులంటారు. ఆ పట్టుముక్కల మూలల్లో వెండి దారంతోనో తెల్లదారంతోనో చిన్న సాలెగూడు కుట్టడం రివాజు. అదృష్టమని నమ్మకం. అవి గొప్పింటి బైఠకఖానాల సోఫాల మీద పరిచేందుకు చేసినవి, కప్పుకునేందుకు కాదు. నిజం చెప్పాలంటే వాటిలో చాలా వరకు నాకు ఊపిరాడదు. నైపుణ్యం ఎక్కువై చోటు తక్కువైంది. అయినా ఒక మూల ఆ వెండి గూడు కనిపిస్తే చూపు అక్కడ కాసేపు ఆగుతుంది. మన టాపరు ముత్తవ్వల్లో క్రేజీ క్విల్టు కుట్టిన ఆవిడ ఒకతె, న్యూస్‌పేపర్ల మీద పీలికలు కుట్టిన పల్లెటూరి ఆవిడ ఇంకొకతె.

బొంతలను గోడకు వేలాడదీసి బొమ్మల్లా చూడడం నేర్పింది 1971లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం పెట్టిన ప్రదర్శన. 2002లో అదే మ్యూజియంలో అలబామా నది వంపులోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీల బొంతలు చూసి నగరం నివ్వెరపోయింది. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. వాళ్లలో ఆనీ మే యంగ్ 1976లో పొలం బట్టలతో కుట్టిన బొంత ఒకటుంది. నడుమ కార్డురాయ్ పట్టీలు మండుతుంటాయి, చుట్టూ మోకాళ్ల దగ్గర వెలిసిన డెనిమ్. దాన్ని చూసిన కంటితో ఏ పేలికల పనిని చూసినా, గుడ్డకు మునుపొక జీవితం ఉందా లేదా అని వెతుకుతాం. మా టీచరమ్మ టాపరును దాని పక్కన నిలబెట్టడం న్యాయం కాదు. జీస్ బెండ్ వాళ్లు చలికి కుట్టారు, ఈవిడ సరదాకి కుట్టింది. కానీ ఆ పులివేషం చారలగుడ్డ ఉంది చూశారూ, మోచేతి దగ్గర నలిగి మెత్తబడిన ముక్క, అది కొట్టులోంచి కొత్తగా వచ్చిన గబ్బిలాల గుడ్డ పక్కన కూర్చున్నప్పుడు రెంటిలో ఏది ముందు మాట్లాడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

హాలోవీన్ అలంకారాలు చాలాకాలం కాగితానివే. మసాచుసెట్స్‌కు చెందిన డెనిసన్ కంపెనీ 1909లో మొదలుపెట్టి బోగీ బుక్కులని చిన్న పుస్తకాలు వేసేది. తమ ముడతల కాగితంతో మంత్రగత్తెలు, పిల్లులు, బల్ల అలంకారాలు ఎలా చేయాలో వాటిలో ఉండేది. నారింజ, నలుపు జంటను ఇంటింటికీ చేర్చడంలో ఆ కాగితానికి పెద్ద వాటా ఉంది. కాగితం ఒక రాత్రిది. పొద్దున చింపి పారేస్తారు. గుడ్డ అలా కాదు. నవంబరులో మడిచి పెట్టెలో పెడితే మళ్లీ అక్టోబరుకు బయటికి వస్తుంది, మడతల గీతలతో సహా.

గుమ్మడికాయ విషయం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఐర్లండు వాళ్లు టర్నిప్ దుంప తొలిచి వికారపు ముఖం చెక్కేవారు. అమెరికా వలస వచ్చాక చేతికందిన గుమ్మడికాయకు ఆ పని అప్పగించారు. మన దగ్గర కడుతున్న ఇంటికి బూడిదగుమ్మడికాయ వేలాడదీసి, దానికి కోరలూ మీసాలూ గీసిన రాక్షసుడి ముఖం పెడతాం. పసిబిడ్డ బుగ్గన నల్లచుక్క పెడతాం. శుభకార్యానికి నలుపు కట్టవద్దనే అమ్మమ్మలే ఆ కాటుకచుక్క పెట్టేది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కొన్ని తెలుగు ఇళ్లలో దసరా బొమ్మల కొలువు మెట్లు లోపల ఉండగానే గుమ్మం బయట కోరల గుమ్మడి నవ్వుతూ ఉంటుంది. రెండూ ఒకే ఇంటివాళ్లు ఒకే వారంలో పెట్టినవి. అమ్మమ్మ చీరల బొంత మీద నిద్రపోయిన పిల్లలకు ఈ పేలికల టాపరు పరాయిదిగా ఎలా ఉంటుంది? మన బొంతలో పేలికలు ఏరి కూర్చేది తక్కువ, పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, సూదిని కిందికీ పైకీ నడిపించి సాదా కుట్టు వేసేది ఎక్కువ. అందం ఆ కుట్టు వరసల్లో ఉంటుంది.

ఇక్కడా ఆ మూడు పొరలనూ కలిపే కుట్టు దగ్గరికి వస్తే నాకు మాటలు తక్కువవుతాయి. ఈవిడ నల్లపట్టీల గాడి వెంట ఒక కుట్టు వేసింది, అది కనబడదు. తర్వాత మిషను పళ్లు దించేసి, గుడ్డను రెండు చేతులతో తనే కదుపుతూ, ఒక నల్లపట్టీ నుంచి ఇంకో పట్టీకి వేలాడే తోరణాల్లా వంపులు వేసింది. పేలికలు సాలెగూడును సరళరేఖల్లో చెప్పాయి. దారం దాన్నే వంపుల్లో మళ్లీ చెప్పింది. దారం బూడిదరంగు. నలుపు మీద నలుపు వేస్తే సాయంత్రప్పూట కుట్టేవాళ్ల కళ్లు పోతాయి, పైగా చూసేవాళ్లకూ ఏం మిగలదు. చేత్తో నిమిరితే వంపుల మధ్య దూది బుడిపెలుగా లేచి ఉంటుంది. దూది పల్చటిదే ఎంచుకుంది, మందంగా ఉంటే టీకప్పు ఒరుగుతుందని. కప్పు ఒరగకూడదన్న లెక్క కూడా ఈ అందంలో భాగమే. గోడ మీది బొమ్మకు ఆ బెంగ ఉండదు.

అంచు మీద మాత్రం నాకు ఫిర్యాదుంది. రెండుంపావు అంగుళాల పట్టీని మడతపెట్టి ఎనిమిది అంచులా తిప్పి, ఒక్కో మూల దగ్గర 135 డిగ్రీల మడత నలగకుండా కూర్చోబెట్టింది. పనితనానికి వంక లేదు. కానీ గుడ్డ నలుపు తెలుపు చారలది, మంత్రగత్తె మేజోళ్ల చారలు. హాలోవీన్ క్విల్టుల్లో ఇదొక ఆనవాయితీ అయిపోయింది. లోపల ఇంత గోల ఉన్నప్పుడు చుట్టూ మళ్లీ చారలెందుకు? సాదా నలుపు వేస్తే గూడు బల్ల చీకట్లోకి జారిపోయేది. ఈ మాట ఆవిడతో అన్నాను. నవ్వి, ఏడేళ్ల మనవరాలు ఎంచుకున్న గుడ్డ అది, దానితో నువ్వే వాదించుకో అంది. వాదించలేదు.

అడుగు గుడ్డ ఎవరూ చూడరు. తిప్పి చూస్తే అది సాదా మిఠాయిరంగు నూలు, దాని మీద పైనుంచి దిగిన దారం గీతలు. పేలికలు లేవు, పుర్రెలు లేవు. వంపులూ ఆకులూ మాత్రమే, ఉత్త సాలెగూడు. కొందరు ఈ వైపే పైకి వేసుకుంటారట, థ్యాంక్స్‌గివింగ్ దాకా బల్ల మీద ఉంచుకోవచ్చని. చెడ్డ ఆలోచన కాదు.

ఒకే ఒక్క సలహా. అక్టోబరు 31 సాయంత్రం గుమ్మం కొట్టే పిల్లలకోసం చాక్లెట్ల గిన్నె సిద్ధం చేసి సరిగ్గా బల్ల నడుమ పెడతారు. టాపరు నడుమ అంటే ఆ నల్ల సుడి మీద. ఎనిమిది అతుకులు ఒకేచోట కలిసినప్పుడు అక్కడ గుడ్డ ముద్ద కట్టకుండా, వెనకవైపు మడతలన్నీ ఒకే దిక్కుకు తిప్పి ఇస్త్రీ చేసి, చదునుగా తెచ్చిన చోటది. మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన మూడంగుళాలు. గిన్నె పక్కకు జరపండి. పిల్లలకు చెయ్యి ఎలాగూ అందుతుంది.